గేదె రక్తములోని శత్రువు

ఓడరేవును, ఉక్కు కర్మాగారమును గల విశాఖపట్టణము మహానగరము. ఎంతటి నగరమునకైనను ప్రతి ఉదయము పాలు కావలయును. చుట్టుపట్ల పల్లెలలో గేదెలను పెంచు కుటుంబములకు ఆ పాలే జీవనాధారము.

వానకాలమున జోరీగలు పెచ్చు పెరుగును. జోరీగ ఒక పశువును కుట్టి రక్తము త్రాగుచుండగా, ఆ పశువు తోకతో తోలును. అది సగము త్రాగిన నోటితో ప్రక్క పశువుపై వ్రాలును. ఆ నోటి రక్తముతోడనే ‘సర్రా’ యను వ్యాధి యొక్క సూక్ష్మజీవులు వ్యాపించును.

1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతమున గ్రిఫిత్ ఇవాన్స్ అను పశువైద్యుడు, జబ్బుపడిన గుఱ్ఱముల, ఒంటెల రక్తమును పరీక్షించి ఈ జీవులను కనుగొనెను. ఇవియే రోగకారణమని ఆయన చెప్పగా పైయధికారులు నమ్మలేదు. కాలము ఆయన మాటనే నిలిపినది. ట్రిపనోసోమా ఇవాన్సై అని ఆ జీవికి ఆయన పేరే పెట్టిరి.

గుఱ్ఱములకు ఈ వ్యాధి తఱచుగా ప్రాణాంతకము. గేదె విషయము వేరు. జ్వరము వచ్చును, పోవును, పాలు తగ్గును, ఒక్కొక్కప్పుడు గర్భస్రావము కలుగును. పెక్కు గేదెలు ఏ లక్షణమును చూపకయే పొరుగు పశువుల వ్యాధికి మూలమగును. 2000 జూలైలో భువనేశ్వరము చెంతనున్న నందన్‌కానన్ జంతుశాలలో ట్రిపనోసోమా వ్యాధి ప్రబలి 12 పులులు మరణించినవి.

జ్వరమును మాత్రమే చూచి మందిచ్చుట తగదు. పిడుదుల వలన వచ్చు థైలీరియా, బెబీసియా వ్యాధులలోను జ్వరము కలదు. థైలీరియాలో గ్రంథులు వాచును. బెబీసియాలో మూత్రము ఎఱ్ఱబడును. థైలీరియాకు వాడు మందు సర్రాను కుదుర్చదు. కావున రక్తమునే పరీక్షింపవలెను.

వైద్యుడు చెవి సిరనుండి ఒక బొట్టు తీసి, గాజుపలకపై నుంచి సూక్ష్మదర్శినితో చూచును. ఎఱ్ఱకణములను త్రోసికొనుచు మెలికలు తిరుగు జీవి కనబడినచో సర్రా యని తెలియును. రక్తమును పలుచగ పూసి గీంసా రంగు వేసినచో దాని రూపము తేటపడును.

కాని జ్వరము లేని దినమున ఆ జీవులు మిక్కిలి తక్కువగ నుండును. ఒక బొట్టులో కనబడనంత మాత్రమున గేదెకు వ్యాధి లేదనరాదు. అట్టితఱి రక్తమును సన్నని గాజుగొట్టములో నుంచి యంత్రముతో వేగముగ త్రిప్పుదురు. ఎఱ్ఱకణములు అడుగునకు చేరగా, వాని పైనున్న తెల్లపొర చెంత జీవులు గుమిగూడును. అతి స్వల్పముగ నున్నను గుర్తింపగల పీసీఆర్ పరీక్షయు నేడు కలదు.

గేదె మేత మానిన నాడే, జ్వరము తగ్గకమునుపే, రక్తము తీయించు రైతు తన పాడిని కాపాడుకొనును. పొరుగువాని పాడిని కూడ కాపాడును.