దగ్గరి దారియా, చేర్చు దారియా?



మన పొలమునకు గట్టు ఉన్నది, ఊరికి బాట ఉన్నది. సముద్రముమీద గట్టును లేదు, బాటయు లేదు. వేలమందిని ఎక్కించుకొని, దినముల తరబడి నేల కనబడకుండ పోవు పెద్ద ప్రయాణపు ఓడకు దారి ఎవరు నిర్ణయింతురు? ఏమి చూచి నిర్ణయింతురు? ఈ నెల పాఠములో ఈ సంగతిని నేర్చుకొందము.

ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవునుండి అమెరికాలోని న్యూయార్కు రేవునకు పోవు దారిని ఉదాహరణగా తీసికొందము. 2004వ సంవత్సరమునుండి క్వీన్ మేరీ 2 అను ఓడ ఈ దారిని నడచుచున్నది. దూరము 3,000 సముద్రపు మైళ్లకు పైగా ఉండును. ఒక సముద్రపు మైలు 1,852 మీటర్లు. ప్రయాణము సాధారణముగా ఏడు రాత్రులు.

మొదటి సంగతి: పటముమీద తిన్నగా కనబడు గీత దగ్గరి దారి కాదు. కాగితము చదునైనది, భూమి గుండ్రనిది. ఒక బంతిమీద రెండు చుక్కలు పెట్టి, వాటి నడుమ దారమును బిగించి లాగుడి. ఆ దారము పోవునదే దగ్గరి దారి. దానినే సముద్రపటముమీద గీసినయెడల ఉత్తరమునకు విల్లువలె వంగి కనబడును. ఓడవారు ఆ వంపును చిన్న చిన్న తిన్నని ముక్కలుగా విభజించుకొని, ఒక్కొక్క మలుపునొద్ద దిక్కును కొంచెము మార్చుకొనుచు పోవుదురు.

రెండవ సంగతి: దగ్గరి దారి తెలిసినంతమాత్రమున దానిలో పోవీలు లేదు. మనము లాగిన దారము న్యూఫౌండ్లాండు నేలమీదుగా పోవును గనుక ఓడ దక్షిణమునకు దిగవలెను. అదియు చాలదు. వసంతకాలములో గ్రీన్లాండునుండి విరిగిన మంచుకొండలు చల్లని ప్రవాహములో ఆ నీళ్లకు కొట్టుకొని వచ్చును. 1912 ఏప్రిల్ 14వ తేది రాత్రి టైటానిక్ ఓడ అట్టి మంచుకొండకు తగిలి మునిగెను. సుమారు 1,500 మంది చనిపోయిరి. అందువలన 1914లో మంచుకొండల కావలి ఏర్పడినది. నేడు విమానములును ఉపగ్రహములును వాటిని కనిపెట్టుచున్నవి. మంచు ఎంతవరకు వచ్చినదో ఒక గీతగా ఓడలకు తెలుపుదురు. వివేకముగల కెప్టెను ఆ గీతకు దక్షిణముగా చుట్టు తిరిగి పోవును. వానకాలములో నల్లరేగడి అడ్డదారిని విడిచి చుట్టుబాటను బండి తోలువాడు చేయుపని ఇదే.

మూడవ సంగతి: దారి ఒక్కసారి నిర్ణయించి విడిచిపెట్టునది కాదు. ఓడ కదలక మునుపే రేవు మొదలు రేవువరకు దారి వ్రాసి పెట్టుకొందురు. లోతెంత, రాళ్లెక్కడ, మలుపెక్కడ, ఆపద వచ్చిన ఏ రేవు చేరవచ్చును అని చూతురు. సముద్రములోనికి పోయిన తరువాత గాలిని, అలలను గూర్చిన సూచనలు దినదినము వచ్చుచుండును. ఎదుట తుపానున్నయెడల తప్పుకొని పోవుదురు, లేదా వేగము తగ్గించి దానిని దాటిపోనిత్తురు. ప్రక్కనుండి అలలు కొట్టి ఓడ ఊగుచున్నయెడల దిక్కు కొంత మార్చుదురు.

ఇట్లు ఆగుటకును తిరుగుటకును వ్యవధి కావలెను. క్వీన్ మేరీ 2 గంటకు సుమారు 30 సముద్రపు మైళ్లు పోగలదు. ఏడు రాత్రుల ప్రయాణమునకు ఇంచుమించు 20 చాలును. వేగమును పదింట ఒక వంతు పెంచిన యంత్రములకు సుమారు మూడింట ఒక వంతు ఎక్కువ శక్తి కావలెను. కాబట్టి బలమంతయు ముందుగానే ఖర్చుచేయక, అవసరమునకు మిగుల్చుకొందురు.

నాలుగవ సంగతి: కడపటి మాట కెప్టెనుదే. ఒడ్డుననున్న నిపుణులు సలహా చెప్పుదురు. అయితే సముద్రములో ప్రాణరక్షణ కొరకైన అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారము, క్షేమము కొరకు కెప్టెను చేయు నిర్ణయమును ఓడ యజమానుడు సహా ఎవరును అడ్డగింపరాదు. ఎంత అధికారమో అంత జవాబుదారీ. 2012 జనవరి 13న కోస్టా కాంకార్డియా అను ఓడ ఇటలీలోని జిల్యో దీవికి అతి దగ్గరగా పోయి రాతికి తగిలెను. ఆ రాత్రి తుపాను లేదు, మంచుకొండ లేదు. దీవిలోనివారికి వందనము చేయుటకై వ్రాసిపెట్టుకొన్న దారిని విడిచిరి. ఓడలో 4,000 మందికి పైగా ఉండగా 32 మంది చనిపోయిరి. కెప్టెనునకు 2015లో న్యాయస్థానము 16 సంవత్సరముల చెర విధించెను.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఇదే ప్రశ్న మనకు ఎదురగుచున్నది. కాలము మించిపోయినదని పౌలు హెచ్చరించెను. మంచిరేవులు చలికాలము గడుపుటకు అనుకూలము కాదని పలువురు ముందుకు సాగగోరిరి. శతాధిపతి నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. మెల్లగా వీచిన దక్షిణపు గాలి చూచి బయలుదేరిరి. ఓడ పోయినది, 276 ప్రాణములు మాత్రము దక్కినవి.

కుటుంబ యజమానులారా, సంఘపు పెద్దలారా, మన నిర్ణయములో మనము ఒంటరిగా ప్రయాణము చేయుట లేదు. అప్పు చేయునప్పుడును, పిల్లల చదువును పెండ్లిని నిర్ణయించునప్పుడును, మన వెనుక ఎక్కినవారందరు ఆ దారినే వత్తురు. ఎంత త్వరగా చేరుదుమని కాక, ఎందరము చేరుదుమని లెక్కించుకొందము.

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. మెల్లని గాలి చూచి మనము బయలుదేరిన పని ఏది?
2. మన యింట హెచ్చరిక చెప్పువాని మాట వినువారు కలరా?
3. ఆపద దినమునకు మనము మిగుల్చుకొన్నదేమి?