వంటిల్లు మార్పిస్తున్నారా? ముందు తడి సంగతి చూడండి

మాడ్యులర్ కిచెన్ షోరూములో అడుగుపెట్టగానే కళ్లు షట్టర్ల మెరుపు మీదికే పోతాయి. అక్కడ ఎవరూ పులుసు కాచరు, నేల కడగరు, సింకు కింద తడి మసిగుడ్డ పడేయరు. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాం. పండగొస్తే బకెట్లతో నీళ్లు కుమ్మరించి కడుగుతాం. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లుతాయి. వంటింటి చెక్కపని చెడిపోవడం చాలా ఇళ్లలో కిందినుంచి, అంటే నీళ్లు నిలిచే చోటునుంచే మొదలవుతుంది. కాబట్టి నీళ్లు తగిలే చోట ధారాళంగా ఖర్చు పెట్టండి, తగలని చోట పిసినారితనం చూపించండి. ఈ చిట్కాలన్నీ ఆ లెక్కలో చెప్పినవే.

1. బొమ్మ గీయించే ముందు సామాను కొలవండి. బియ్యం డబ్బా, ఆవకాయ జాడీ, పెద్ద కుక్కరు, ఇడ్లీ పాత్ర, తడి గ్రైండరు, వీటన్నిటి ఎత్తూ వెడల్పూ కాగితం మీద రాసి డిజైనర్ చేతికివ్వండి. షోరూము సొరుగులు కప్పులకూ సాసర్లకూ సరిపోయేలా ఉంటాయి. మన జాడీ వాటిలో నిలబడదు. గ్రైండరును రోజూ ఎత్తి దించే ఓపిక ఎవరికీ ఉండదు, దానికి గట్టు మీదే శాశ్వతమైన చోటు, పక్కనే ప్లగ్ పాయింటు ఉండాలి. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలా, తూర్పుముఖంగా వండాలా అన్న వాస్తు చర్చ కూడా ఇంట్లో పెద్దవాళ్లతో ఇప్పుడే తేల్చుకోండి. పైపులు వేశాక ఆ చర్చ మొదలైతే గోడ మళ్లీ పగలాల్సిందే.

2. బాక్సు దేంతో చేస్తున్నారో అడగండి. కొటేషన్‌లో 'వాటర్‌ప్రూఫ్ ప్లై' అని రాసి ఉంటే ఆ మాటకు విలువేమీ లేదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్, అంటే మెరైన్ ప్లై, కావాలని స్పష్టంగా రాయించుకోండి. ఆ ప్రమాణం ప్రకారం ప్లై ముక్కను 72 గంటలు ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదు. షాపుల్లో 'కమర్షియల్' అని అమ్మే మామూలు ప్లై పడకగది బీరువాకు చాలు, సింకు పక్కకు పనికిరాదు. ముద్ర పక్కన ఉండే లైసెన్సు నంబరును ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. అంతకన్నా మోటు పరీక్ష ఇంకోటుంది. కోతలో మిగిలిన చిన్న ముక్కను పాత గిన్నెలో వేసి కొన్ని గంటలు మరిగించండి. అట్టలు అట్టలుగా ఊడొస్తే ఆ సరుకు వెనక్కి పంపేయవచ్చు. వడ్రంగి కాస్త నొచ్చుకుంటాడు, నొచ్చుకోనివ్వండి.

పార్టికల్ బోర్డు చవక, కానీ ఒక్కసారి నీళ్లు పీల్చి ఉబ్బితే మళ్లీ మామూలు కాదు. ఎండీఎఫ్‌దీ ఇంచుమించు అదే కథ. ఈమధ్య అందరూ చెబుతున్న హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు గాలిలో తేమను బాగానే తట్టుకుంటుంది గానీ, నిలిచిన నీళ్లను కాదు. డబ్ల్యూపీసీకి, అంటే చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపిన బోర్డుకు, చెదలూ పట్టవు, అది నీళ్లకూ చెడదు. అయితే పొడవాటి అరగా వేసి బరువు పెడితే కుంగుతుంది, పొయ్యి వేడికి దగ్గరగా వాడకూడదు. కింది అరలకు మెరైన్ ప్లై, పైన గోడ అరలకు హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పెట్టుకుంటే మన్నికా దక్కుతుంది, ఖర్చూ అదుపులో ఉంటుంది.

3. సింకు కింద చెక్కే వద్దు. నా మాట వింటే, ఆ ఒక్క గడి వరకైనా ఇటుక గోడలతో, కడప బండ అరలతో పాత పద్ధతిలో కట్టించి, ముందు షట్టరు మాత్రం బిగించండి. బయటినుంచి చూస్తే మాడ్యులరే, లోపల పైపు కారినా నష్టం లేదు. పాత ఇళ్లలో ఇలాంటి గట్టు ఇప్పటికే ఉంటే దాన్ని పగలగొట్టించే ముందు ఒకసారి ఆలోచించండి. ముప్పై ఏళ్లుగా చెక్కుచెదరని కడప బండ అరలు తీయించి, వాటి చోట ప్లై పెట్టించుకోవడం ఏ లెక్కన లాభమో నాకు అర్థం కాదు.

4. గట్టు ఎత్తు మీది, కంపెనీది కాదు. వంట చేసే మనిషి నిలబడి మోచెయ్యి మడిస్తే, దానికి నాలుగైదు అంగుళాల కిందికి గట్టు రావాలి. మనలో చాలామందికి అది 32 నుంచి 34 అంగుళాల మధ్య తేలుతుంది. గట్టు మీద పెట్టే స్టవ్ అయితే దాని ఎత్తు కూడా కలుస్తుందని మరవకండి. కలిపేందుకు లోపలికి తొంగి చూడాల్సి వస్తే భుజాలు నొప్పి పెడతాయి. లోతు 24 అంగుళాలు, గోడ అర లోతు 12 నుంచి 14 అంగుళాలు ఉంటే తల తగలదు.

5. గ్యాస్ సిలిండరును మూతేసి బంధించకండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది. కాబట్టి సిలిండరు పెట్టే గడి అడుగున గాలి బయటికి పోయే సందులు ఉండాలి. పైన రెండు రంధ్రాలు పెట్టి సరిపెట్టే వాళ్లను ఒప్పుకోకండి. సిలిండరు నిటారుగా, స్టవ్‌కన్నా కింద ఉండాలి. రెగ్యులేటరు తిప్పడానికి చెయ్యి పట్టేంత జాగా కావాలి. ఈ కొలత ఊహించి చెప్పకండి, రెగ్యులేటరు బిగించి ఉన్న సిలిండరునే టేపుతో కొలవండి.

6. గట్టు రాయి కొనేటప్పుడు నిమ్మకాయ వెంట తీసుకెళ్లండి. పాలరాయిలో, కడప రాయిలో ఉండేది సున్నపురాయి గుణం. చింతపండు, నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చ తేలుతుంది. పులుసూ పచ్చళ్లూ చేసే ఇంట్లో పాలరాయి గట్టు పెట్టించడం అంటే ఇంట్లో రోజూ గొడవ పెట్టుకోవడమే. గ్రానైటుకు ఆ భయం లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల బ్లాక్ గెలాక్సీ దేశాలు దాటి పోతోంది, మనకైతే పక్క ఊరి సరుకు. నల్లటి రాయి మీద పసుపు మరక కనిపించదు, నూనె పీల్చుకోవడమూ తక్కువ. లేత రంగు గ్రానైటు కావాలంటే ముక్క మీద చెంచాడు నీళ్లు పోసి పావుగంట ఆగండి. ఆ చోటు తడిసి నల్లబడితే అది పీల్చే రాయి, సీలరు పూయక తప్పదు.

తెల్లటి క్వార్ట్జ్ అందంగా ఉంటుంది, నిజమే. అందులో రాతిపొడిని పట్టి ఉంచేది రెసిన్ కాబట్టి పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే మాడిన గుర్తు పడుతుంది. పసుపు పడ్డ వెంటనే తుడిచే అలవాటు ఇంటిల్లిపాదికీ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

రాయి ఏదైనా సరే, ఒక పని మాత్రం మేస్త్రీ చేత తప్పకుండా చేయించండి. గట్టు అంచు షట్టరుకన్నా ఒక అంగుళం ముందుకు రావాలి. ఆ అంచు అడుగున కటింగ్ మిషనుతో పొడవునా సన్నటి గాడి తీయించాలి. గట్టు మీంచి కారే నీళ్లు ఆ గాడి దగ్గర తెగి నేలమీద పడతాయి, షట్టరు మీదికి పాకవు. దీనికయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. అడగనిదే ఎవరూ చేయరు.

7. స్కర్టింగు చిన్న విషయం కాదు. విదేశీ ఇళ్ల ఫొటోల్లో తెల్లటి చెక్క స్కర్టింగు చూసి మనసు పారేసుకునే వాళ్లు పెరిగారు. అది పొడి నేలల వ్యవహారం. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో ఎండీఎఫ్ స్కర్టింగు అడుగు అంచు ముందు ఉబ్బి, తర్వాత పెయింటు పగిలి, ఆపైన ఊడుతుంది. మనకు టైలు గానీ గ్రానైటు గానీ సరైనది. ఎత్తు నాలుగు అంగుళాలు చాలు. నేల టైలునే కోయిస్తే ఒక రెండు అడుగుల టైలు నుంచి దాదాపు నాలుగంగుళాల పట్టీలు ఆరు వస్తాయి, అంటే 12 అడుగుల గోడకు సరిపోతుంది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గదికి గుమ్మం పోను ఇంచుమించు 41 అడుగులు. నాలుగు టైళ్లతో పని అయిపోతుంది. ఇవి నేల టైళ్లతో పాటే, ఒకే బ్యాచ్‌లో కొనండి. తర్వాత వెళితే అదే నంబరులో వేరే ఛాయ చేతికొస్తుంది.

స్కర్టింగు గోడ ప్లాస్టరింగుకు సమంగా ఉండేలా అతికించమనండి. బయటికి పొడుచుకొస్తే దాని తలమీద దుమ్ము పేరుకుంటుంది, బీరువా గోడకు ఆనదు. ఇందుకు కిందిభాగంలో ప్లాస్టరు చెక్కాలి. మేస్త్రీలకు ఈ పని ఇష్టం ఉండదు. కాబట్టి కూలీ మాట్లాడేటప్పుడే చెప్పండి. పైకి కనిపించే కోత అంచును పాలిష్ చేయించాలి, మూలల్లో 45 డిగ్రీల కోత కోయించాలి. పాత టైళ్ల మీదే కొత్తవి వేయిస్తుంటే నేల ఎత్తు పెరుగుతుంది, తలుపుల అడుగు కోయాల్సి వస్తుందని ముందే తెలుసుకోండి. పడకగదిలో లామినేట్ చెక్క నేల వేయిస్తే దానికీ గోడకూ మధ్య దాదాపు ఒక సెంటీమీటరు సందు వదలాలి, చెక్క ఉబ్బడానికి. ఆ సందును కప్పేందుకు పీవీసీ స్కర్టింగు పెట్టుకోండి, అది తడికి భయపడదు.

8. చెదల మందు స్కర్టింగుకు ముందే కొట్టించాలి. నేలా గోడా కలిసే చోట అడుగుకొక రంధ్రం చొప్పున వేసి మందు పోస్తారు. స్కర్టింగు పెట్టాక పిలిస్తే కొత్త టైలుకే రంధ్రాలు పడతాయి.

9. కింది అరల బాక్సు నేలకు ఆనకూడదు. నాలుగు అంగుళాల పీవీసీ కాళ్ల మీద నిలబెట్టి, ముందు కాలిపట్టీ క్లిప్పులతో బిగిస్తే ఊడదీసి లోపల ఊడ్చుకోవచ్చు. బొద్దింకలకు ఇష్టమైన చోటు అదే. పట్టీ కూడా ప్లై కాకుండా పీవీసీ గానీ అల్యూమినియం గానీ పెట్టించండి. నేల టైళ్లు బాక్సుల కింద కూడా గోడ దాకా వేయించాలి. కనిపించదు కదా అని అక్కడ నాలుగు టైళ్లు మిగుల్చుకుంటే, కడిగిన నీళ్లు ఆ పల్లంలోకే చేరతాయి.

10. షట్టరు ఫినిషింగు విషయంలో పొదుపు చేయవచ్చు. ఒక మిల్లీమీటరు మందం మ్యాట్ లామినేట్, అంటే మన వడ్రంగులు మైకా అనేది, వేలిముద్రలు చూపించదు, గీతలు త్వరగా పడవు, తాలింపు జిడ్డు సబ్బునీళ్లతో పోతుంది. అక్రిలిక్ అద్దంలా మెరుస్తుంది, పిల్లలున్న ఇంట్లో రోజంతా తుడుస్తూనే ఉండాలి. పీయూ పెయింటు నున్నగా ఉంటుంది, గిన్నె అంచు తగిలితే పెచ్చు లేస్తుంది. పీవీసీ మెంబ్రేన్ పొయ్యికి పక్కన ఉంటే వేడికి అంచులు విడతాయి. నా ఓటు కింద మ్యాట్ లామినేటుకే. మెరుపు మీద మోజు తీరకపోతే పైన గోడ అరలకు మాత్రం అక్రిలిక్ వేసుకోండి, అక్కడ చేతులు తక్కువ తగులుతాయి. హ్యాండిల్ లేని గాడి షట్టర్లు చూడ్డానికి బాగుంటాయి గానీ ఆ గాడిలో చేరే పిండినీ జిడ్డునూ గోకేది మీరే.

ఫినిషింగు ఏదైనా నాలుగు అంచులకూ ఎడ్జ్ బ్యాండింగు మిషనుతో వేసి ఉండాలి. షట్టరు అడుగు అంచు మీద వేలు పెట్టి చూడండి. పచ్చి చెక్క తగిలితే తడి దూరే దారి అదే.

11. హింజెస్, చానెళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకమే అడగండి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి మామూలు ఇనుప హింజెస్ త్వరగా తుప్పు పడతాయి. గట్టు కింద షట్టర్లకన్నా సొరుగులు హాయి, వంగి వెతుక్కునే పని ఉండదు. కానీ ఖరీదంతా చానెళ్లలోనే ఉంటుంది. గిన్నెల కోసం రెండు మూడు మంచివి పెట్టించి మిగతా చోట షట్టర్లతో సర్దుకోండి. చానెలు ఎన్ని కిలోలు మోస్తుందో అడిగాకే అందులో ఇనుప పెనాలు పెట్టండి.

12. పొయ్యి వెనక గోడ టైళ్లకు ఎపాక్సీ గ్రౌటు వేయించండి. సిమెంటు గ్రౌటు పసుపునూ నూనెనూ పీల్చి కొన్నాళ్లకు ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. టైళ్ల పైన గోడకు కడగగలిగిన శాటిన్ రకం ఎమల్షన్ వేయించాలి, మ్యాట్ వద్దు. బోరు నీళ్లు వాడే ఇంట్లో నల్లటి సింకు మీద తెల్లటి ఉప్పు చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. స్టీలు సింకే మేలు.

13. పనుల వరుస తప్పితే ఒకే పనికి రెండుసార్లు డబ్బు పోతుంది. ముందు పగలగొట్టడం, తర్వాత పైపులూ వైర్లూ. కొత్త పైపుల్లో నీళ్లు వదిలి, ఒత్తిడి పెట్టి చూశాకే గోడ మూయించాలి. ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగు, నేల టైళ్లు, చెదల మందు, స్కర్టింగు, పుట్టీ, ఒక కోటు రంగు. అరల కొలతలు టైళ్లు పడ్డాకే మళ్లీ తీయించాలి. చివరి కోటు రంగు అరలు బిగించాకే.

14. కొటేషన్లు పోల్చేటప్పుడు అందరివీ ఒకే కొలతలో ఉన్నాయో లేదో చూడండి. ఒకరు షట్టరు వైశాల్యానికి చదరపు అడుగు లెక్క చెబుతారు, ఇంకొకరు రన్నింగ్ అడుగుకు చెబుతారు, మరొకరు బాక్సు లోపలి పలకలన్నీ కలిపి లెక్క వేస్తారు. పైకి తక్కువగా కనిపించిన రేటు చివరికి ఎక్కువ కావచ్చు. ప్లై రకం, మందం, లోపలి మైకా, చానెళ్ల రకం, చిమ్నీ పైపుకు రంధ్రం, పాత సామాను తరలింపు, అన్నీ విడివిడిగా రాయించండి. ఐదు శాతమైనా డబ్బు ఆపి, అన్ని సొరుగులూ నిండా సామానుతో వారం వాడాక ఇవ్వండి. పని ముగిశాక మిగిలిన టైళ్లలో నాలుగు, ఒక మైకా ముక్క, రంగుల షేడ్ నంబర్లు రాసిన కాగితం అటక మీద పెట్టించుకోండి. వాటిని చెత్తతో పాటు ఎత్తుకెళ్లనివ్వకండి.