పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే వైద్యం

పిడుగురాళ్ల దగ్గర ఒక పల్లె. మిరపకాయ కోతల కాలం. ఆడవాళ్ళంతా చేలల్లో ఉన్నారు. ఒక ఇంట్లో మాత్రం అత్తా కోడళ్ళు వాదులాడుకుంటున్నారు.

అత్తకు రొమ్ములో గడ్డ లేచింది. క్యాన్సర్ అని తేలింది. గుంటూరులో ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. కార్డు మీద చేశారు, డబ్బు అడగలేదు. పుండు మానింది. ఇక కీమో ఎక్కించాలన్నారు. కీమో అంటే క్యాన్సర్ కణాలను చంపే మందు. సెలైన్ లాగా నరానికి ఎక్కిస్తారు. 21 రోజులకు ఒకసారి, మొత్తం 6 సార్లు. పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు.

"నేను పోను" అంది అత్త.

"ఎందుకత్తా?"

"ఆసుపత్రిలో పడుకుంటేనే కార్డు పనిచేస్తుందంట. చేలో అనుకుంటున్నారు. ఇది పడుకునే వైద్యం కాదుగా. 6 సార్లకు డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాం? ఉన్న ఒక్క బర్రెనూ అమ్మనియ్యను."

కోడలు రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. ఆసుపత్రి కాగితాలు ముందేసుకుని, కూడబలుక్కుంటూ చదివింది. ఒకచోట 'డే కేర్' అని ఉంది. అర్థం కాలేదు. 104 నంబరుకు ఫోన్ చేసి అడిగింది. అది ప్రభుత్వ ఆరోగ్య సేవల నంబరు.

డే కేర్ అంటే ఒక్క పగటిలో అయిపోయే వైద్యం. రాత్రి ఉండనక్కర లేదు. అయినా కార్డు వర్తిస్తుంది.

ఈ పథకం 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైంది. పేరు ఒకటి రెండుసార్లు మారింది. 2024 నుంచి మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు ఏదైనా క్యాన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు పెట్టడం అని మనం చెప్పుకునే రేడియేషన్, మూడూ ఇందులో ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్‌కు కొందరు టమాక్సిఫెన్ అనే మాత్రను 5 ఏళ్ళు, ఒక్కోసారి 10 ఏళ్ళు మింగాలి. ఆ మాత్ర కూడా పథకం పట్టికలో ఉంది.

చేలో అన్నమాట పూర్తిగా ఉత్తది కాదు. డబ్బు కట్టి కొనుక్కునే బీమా పాలసీల్లో 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలనే షరతు ఉంటుంది. వాటిలోనూ కీమోను డే కేర్ కింద ఒప్పుకుంటారు. నోటితో మింగే కీమో మాత్రల దగ్గరే పేచీ వచ్చేది. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ హైదరాబాదులో ఉంది. ఆ మాత్రలను పాలసీల్లోంచి తీసెయ్యకూడదని 2019లో ఆ సంస్థ చెప్పింది. ఇంత మొత్తం వరకే ఇస్తాం అని కంపెనీ హద్దు పెట్టవచ్చు. కాబట్టి పాలసీ కాగితం చదివించుకోవాలి.

"మరి ఒకసారి రాయించుకుంటే 6 సార్లకూ సరిపోద్దా?" అడిగింది అత్త.

సరిపోదు. ప్రతిసారీ ఆసుపత్రి వాళ్ళు అనుమతి తెప్పించుకోవాలి. అందుకే కార్డు, ఆధార్, ముక్క పరీక్ష రిపోర్టు, వెనకటి కాగితాలు ప్రతిసారీ తీసుకెళ్ళాలి. పథకంలో ఉన్న ఆసుపత్రి గుమ్మంలోనే సాయం చేసే మనిషి ఉంటారు. ఆరోగ్యమిత్ర అనో, వైద్యమిత్ర అనో పిలుస్తారు. ముందు వాళ్ళను కలవాలి. కార్డు మీద చేసే వైద్యానికి ఎవరైనా డబ్బు అడిగితే రసీదు అడగాలి. 104కు ఫిర్యాదు చెయ్యాలి.

రైలు ఖర్చుకూ దారి ఉంది. వైద్యానికి వెళ్ళే క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్ళే ఒకరికీ టిక్కెట్టులో రాయితీ ఇస్తారు. రైల్వే ఫారం మీద డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర ఉండాలి.

ఇంకొక మాట కాగితం మీద ఎర్రగా రాసి ఉంది. కోడలు దాన్ని రెండుసార్లు చదివింది. కీమో తరువాత ఒంట్లో తెల్లకణాలు తగ్గుతాయి. అప్పుడు జ్వరం వస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోకూడదు. రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

అత్త కాసేపు మాట్లాడలేదు.

"నీకు రెండు రోజుల కూలి పోతుందే" అంది చివరికి.

"పోతే పోనీ అత్తా."

సోమవారం తెల్లవారుజామున ఇద్దరూ గుంటూరు బస్సు ఎక్కారు. కాగితాల సంచి కోడలి ఒళ్ళో ఉంది. సత్తెనపల్లి దాటాక అత్తకు గుర్తొచ్చింది.

"బర్రెకు కుడితి పెట్టమని పక్కింటి వాళ్ళకు చెప్పావా?"

"చెప్పానత్తా."