పది సెకన్ల పనికి జీతం ఎవరిస్తారు?

కెనడాలోని రెజైనాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో పిల్లలు స్కూల్ ట్రాక్ మీట్‌లో పతకం తెస్తే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ పిల్లలే పదకొండో తరగతికొచ్చి "నేను స్ప్రింటర్ అవుతా" అంటే మాత్రం నాన్న ముఖం మారుతుంది. "అందులో జీతం ఎవరిస్తారమ్మా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నను వెటకారంగా తీసుకోకండి. అడగాల్సినదే. చాలామంది కోచ్‌లు కూడా దానికి సరైన జవాబు చెప్పరు.

జవాబు తెలియాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ట్రాక్ మీద డబ్బు వేగాన్ని చూసి మాత్రమే రాదు. ఎవరు ఎవరితో తలపడుతున్నారో చూడాలని జనం ఉబలాటపడితేనే పెద్ద మొత్తాలు కదులుతాయి. దీనికి అసలైన ఉదాహరణ కెనడాలోనే ఉంది.

1996 జూలై 27న అట్లాంటా ఒలింపిక్స్‌లో కెనడా స్ప్రింటర్ డోనొవన్ బెయిలీ 100 మీటర్లను 9.84 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు కొట్టాడు. ఐదు రోజులకే అమెరికన్ మైకేల్ జాన్సన్ 200 మీటర్లు 19.32లో పరుగెత్తాడు. అమెరికా టీవీ వాళ్లు 19.32ని సగం చేసి 9.66 అన్నారు, లోకంలో అందరికన్నా వేగంగా పరుగెత్తేది జాన్సనే అని తేల్చేశారు. ఆ లెక్క నిలబడదు. 100 మీటర్లు పరుగెత్తేవాడు కదలకుండా ఉన్న చోటి నుంచి లేవాలి. 200 మీటర్ల రెండో సగంలో ఆటగాడు అప్పటికే పూర్తి ఊపులో ఉంటాడు. కానీ లెక్క తప్పైనా తగువు మాత్రం నిజమైంది. రెండు దేశాల జనం రెండు పక్షాలయ్యారు.

తగువు ఉన్నచోట టికెట్లు అమ్ముడవుతాయని గ్రహించిన ప్రమోటర్లు 1997 జూన్ 1న టొరంటోలోని స్కైడోమ్‌లో ప్రత్యేకంగా ఒక 150 మీటర్ల పందెం పెట్టారు. ఇద్దరికీ మధ్యస్థంగా ఉండే దూరమన్నమాట. వచ్చి నిలబడినందుకే చెరో 5 లక్షల డాలర్లు, గెలిచినవాడికి అదనంగా 10 లక్షలు అని ఒప్పందం. సగం దూరం దాటాక జాన్సన్ తొడ పట్టుకుని ఆగిపోయాడు. బెయిలీ 14.99 సెకన్లలో గీత దాటాడు. ఒలింపిక్స్‌లో 150 మీటర్ల పందెమే లేదు. అయినా ఒక స్ప్రింటర్ ఏళ్ల తరబడి మీట్లు తిరిగి గెలుచుకునే దానికన్నా ఎక్కువ సొమ్ము ఆ పదిహేను సెకన్ల మీద పెట్టారు.

అంతకు తొమ్మిదేళ్ల ముందూ ఇదే జరిగింది. 1988 ఆగస్టులో, సోల్ ఒలింపిక్స్‌కి నెల ముందు, కెనడా స్ప్రింటర్ బెన్ జాన్సన్‌ని, అమెరికన్ కార్ల్ లూయిస్‌ని జ్యూరిక్ మీట్ వాళ్లు ఒకే ట్రాక్ మీదకి తెచ్చారు. చెరో రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చారని అప్పటి పత్రికలు రాశాయి. ఆ రోజు లూయిస్ గెలిచాడు. సోల్‌లో బెన్ జాన్సన్ 9.79తో గెలిచి, డోప్ పరీక్షలో స్టానజొలాల్ బయటపడి పతకం పోగొట్టుకున్నాడు. పతకంతోపాటు స్పాన్సర్లూ పోయారు.

ఇలాంటి డబ్బుని అప్పియరెన్స్ ఫీజు అంటారు. మీట్ డైరెక్టర్‌కీ ఆటగాడి ఏజెంట్‌కీ మధ్య కుదిరే బేరం ఇది, అంకె సాధారణంగా బయటికి రాదు. మీ పేరు పోస్టర్ మీద పడితేనే ఈ ఫీజు. ఎనిమిది లేన్లలో ఇద్దరికో ముగ్గురికో మంచి మొత్తం దక్కుతుంది, మిగతావాళ్లకి టికెట్టు, హోటల్ గది ఇస్తే గొప్ప.

ప్రైజ్ మనీ సంగతి వేరు, అది బహిరంగం. డైమండ్ లీగ్‌లో 2025 లెక్క ప్రకారం ఒక మీట్ గెలిస్తే 10,000 అమెరికన్ డాలర్లు, నిర్వాహకులు ఎంచుకున్న కొన్ని ఈవెంట్లకైతే 20,000. సీజన్ చివరి ఫైనల్‌లో 30,000 నుంచి 50,000. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణానికి 70,000, ఎనిమిదో స్థానానికి 5,000. ప్రపంచంలో ఎనిమిదో మనిషికి 5,000 డాలర్లంటే ఇండియాలో పేరున్న కంపెనీలో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఏడాదిలో తెచ్చుకునేంత. అదీ ఏడాదికోసారి కాదు, ఇప్పుడు రెండేళ్లకోసారి.

పారిస్‌ని గుర్తు చేసుకోండి. 2024లో ఒలింపిక్స్ స్వర్ణానికి వరల్డ్ అథ్లెటిక్స్ తొలిసారి 50,000 డాలర్లు ప్రకటించింది, స్వర్ణానికి మాత్రమే. పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో నోవా లైల్స్ 9.784, కిషేన్ థాంప్సన్ 9.789. తేడా సెకనులో వెయ్యింట ఐదు వంతులు. దానికి ఇటు 50,000, అటు సున్నా. వెండికీ కంచుకీ ఇవ్వడం 2028 లాస్ ఏంజెలెస్ నుంచి మొదలవుతుందన్నారు.

అయితే అసలు ఇల్లు నడిపేది ఈ రెండూ కావు, షూ కంపెనీ ఒప్పందం. కెనడా స్ప్రింటర్ ఆండ్రీ డి గ్రాస్‌కి 2015 చివర్లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, ప్యూమా కోటి డాలర్లకు పైగా ఇచ్చిందని వార్తలొచ్చాయి. అప్పటికి అతని చేతిలో ఒలింపిక్ పతకం ఒక్కటీ లేదు. బోల్ట్ తర్వాత ఎవరు అన్న ప్రశ్నకి ఒక పేరు కావాలి, ఆ పేరు ఇతనిదని కంపెనీ నమ్మింది. నమ్మకం వమ్ము కాలేదు: టోక్యోలో 200 మీటర్ల స్వర్ణం, పారిస్‌లో 4x100 రిలే స్వర్ణం. ఇంత అదృష్టం లేనివాళ్ల ఒప్పందాల్లో కోత నిబంధనలుంటాయి. ర్యాంకు జారినా, గాయమై నిర్ణీత సంఖ్యలో మీట్లు ఆడలేకపోయినా మొత్తం తగ్గుతుంది. సంతకం చేసే ముందు చదవాల్సిన పేజీ అదే, మొదటి పేజీలోని పెద్ద అంకె కాదు.

డబ్బు ప్రకటించడం వేరు, చేతికి రావడం వేరు. ఇది కెరీర్ సలహా కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మైకేల్ జాన్సనే 2025లో గ్రాండ్ స్లామ్ ట్రాక్ అనే లీగ్ మొదలుపెట్టాడు. మేటి ఆటగాళ్లను పదే పదే ముఖాముఖి నిలపాలన్నది ఆలోచన, అంటే స్కైడోమ్‌లో తాను చూసిన కిటుకునే సీజన్ పొడుగునా నడపడం. ఒక్కో స్లామ్ విజేతకు లక్ష డాలర్లు, ఆఖరివాడికి కూడా 10,000. కింగ్‌స్టన్, మయామీ, ఫిలడెల్ఫియాల్లో మూడు జరిగాయి. నాలుగోది, లాస్ ఏంజెలెస్‌లో జరగాల్సింది, రద్దయింది. ఆటగాళ్లకు ఇవ్వాల్సిన సొమ్ము నెలల తరబడి నిలిచిపోయింది. ఏడాది చివర్లో లీగ్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్లింది. పెద్ద పేర్లు, పెద్ద అంకెలు, నమ్మదగిన మనిషి, అన్నీ ఉండి కూడా ఇలా జరిగింది. కాబట్టి ఏ మీట్ అయినా ఒప్పుకునే ముందు చెల్లింపు ఎన్ని రోజుల్లో, డోప్ పరీక్ష ఫలితాలు వచ్చాకా ముందా, పన్ను ఎవరు కోస్తారు అని అడగాలి. కెనడాలో పరుగెత్తి ఫీజు తీసుకునే విదేశీయుడికి నిర్వాహకులు సాధారణంగా 15 శాతం ముందే పట్టుకుంటారు. అమెరికాలో 30 శాతం దాకా. ఏజెంట్ వాటా ఆ పైన, మామూలుగా 15 శాతం వరకు.

ఇక మనవాళ్లలో ఉదాహరణ కావాలంటే జ్యోతి యర్రాజి. విశాఖపట్నం అమ్మాయి, నాన్న సెక్యూరిటీ గార్డు. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లోనూ 2025లోనూ ఆసియా ఛాంపియన్. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్‌లో చైనా స్టార్ వూ యాన్నీ గన్ కన్నా ముందే కదిలింది. అధికారులు ముందు జ్యోతినీ దోషిగా చూశారు. ఆమె అక్కడే నిలబడి వాదించి పరుగెత్తింది. చివరికి వూ అనర్హురాలైంది, జ్యోతికి వెండి దక్కింది. ఆ గొడవ దృశ్యాలు ఎన్ని లక్షలమంది చూశారో గాని, హర్డిల్స్ అంటే ఏమిటో తెలియని ఇళ్లలో కూడా ఆమె పేరు తెలిసింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం పారిస్ అర్హత. ప్రమాణ సమయం 12.77. జ్యోతి 2024లో ఫిన్లాండ్‌లో పరుగెత్తింది 12.78. సెకనులో వందో వంతు ఎక్కువైంది. అయినా పారిస్ వెళ్లింది, ప్రపంచ ర్యాంకింగ్ కోటాలో. ఆ ఈవెంట్‌లో ఒలింపిక్స్‌కి వెళ్లిన తొలి భారతీయురాలు ఆమే. ర్యాంకింగ్ పాయింట్లు కాలాన్ని బట్టి కొన్ని, మీట్ స్థాయినీ అందులో వచ్చిన స్థానాన్నీ బట్టి కొన్ని వస్తాయి. ఏ మీట్‌కి వెళ్లాలి, ఏది వదలాలి అని కూర్చుని క్యాలెండర్ వేసేవాళ్లు ఉండాలన్నమాట. రిలయన్స్ ఫౌండేషన్ శిబిరంలో కోచ్ జేమ్స్ హిలియర్ బృందం ఆమెకు ఆ పని చేసింది. అదే ఫౌండేషన్ శిక్షణలో తయారైన కుర్రాళ్లు 2025లో పురుషుల 100 మీటర్ల జాతీయ రికార్డును ఒకరి మీద ఒకరు పందెం వేసుకున్నట్టు కిందికి దించారు. మార్చిలో బెంగళూరులో గురిందర్‌వీర్ సింగ్ 10.20, అదే పందెంలో మణికంఠ హోబ్లిధర్ 10.22. జూలైలో గ్రీసులో అనిమేష్ కుజూర్ 10.18. ప్రత్యర్థితో కలిసి ప్రాక్టీసు చేయడానికి మనవాళ్లు సాధారణంగా ఇష్టపడరు. ఆ ఏడాది చూశాక ఆ అలవాటు మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మన రాష్ట్రాల్లో ఆటగాడికి భరోసా ప్రైజ్ మనీ కాదు, స్పోర్ట్స్ కోటా. ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది, ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు ప్రకటించింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కంచు తెస్తే తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది.

కెనడాలో అలాంటి కోటా లేదు. ఇక్కడున్నది అథ్లెట్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, వాడుకలో కార్డింగ్. జాతీయ స్థాయి సీనియర్ అథ్లెట్‌కి నెలకు 2,175 కెనడియన్ డాలర్లు, అంటే ఏడాదికి 26,100. రెజైనా ఉన్న సస్కాచువాన్‌లో కనీస వేతనం మీద వారానికి 40 గంటలు పనిచేసే మనిషి జీతం ఇంతకన్నా ఎక్కువ. ఒలింపిక్ స్వర్ణానికి కెనడా ఒలింపిక్ కమిటీ ఇచ్చేది 20,000 కెనడియన్ డాలర్లు. ఏడు కోట్ల పక్కన పెట్టి చూసుకోండి! స్టడీ పర్మిట్ మీద వచ్చినవాళ్లకు కార్డింగ్ అందదు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు మాత్రం దారి తెరిచే ఉంది.

వాళ్లకి నేను చెప్పేది: యూనివర్సిటీ జట్టు దారి పట్టండి, డిగ్రీ వదలకండి. యూనివర్సిటీ ఆఫ్ రెజైనా కూగర్స్ జట్టు కెనడా వెస్ట్ మీట్లలో పోటీపడుతుంది. కెనడా యూనివర్సిటీల క్రీడా సంస్థ యూ స్పోర్ట్స్ నిబంధనల ప్రకారం స్కాలర్‌షిప్ ట్యూషన్‌కీ తప్పనిసరి ఫీజులకీ మించకూడదు. అమెరికా ఎన్‌సీఏఏ కాలేజీల్లో ఎక్కువ వస్తుంది, పోటీ కూడా అంతే. డి గ్రాస్ కాన్సస్‌లోని కాఫీవిల్ కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టి యూఎస్‌సీకి చేరాడు. బెయిలీ 1994 దాకా స్టాక్ బ్రోకర్, పరుగు పార్ట్‌టైమ్. మరుసటి ఏడాదికే ప్రపంచ ఛాంపియన్.

పరుగెత్తనివాళ్లకి కూడా ఇక్కడ పనుంది, బహుశా వాళ్లకే ఎక్కువ. ఇండియా నుంచి ఎంబీఏకో కంప్యూటర్స్‌కో రెజైనా వచ్చినవాళ్లు ఈ రంగం వైపు చూడనే చూడరు. యూనివర్సిటీలో కైనిసియాలజీ ఫ్యాకల్టీ ఉంది, అందులో స్పోర్ట్ అండ్ రిక్రియేషన్ మేనేజ్‌మెంట్ చదవొచ్చు. రాష్ట్రంలో అమెచ్యూర్ క్రీడలకు లాటరీ ఆదాయం నుంచి నిధులు పంచే సాస్క్ స్పోర్ట్ ఆఫీసు ఈ ఊళ్లోనే ఉంది. ఫుట్‌బాల్ జట్టు రఫ్‌రైడర్స్‌కి మొజాయిక్ స్టేడియం ఉంది, టికెటింగ్, మార్కెటింగ్, ఈవెంట్ నిర్వహణ ఏడాది పొడుగునా నడుస్తాయి. 2005 కెనడా వేసవి క్రీడలు జరిగింది ఇక్కడే. ఆ క్రీడల్లో ప్రైజ్ మనీ ఉండదు. కానీ వేలమంది ఆటగాళ్లకు బస, తిండి, షెడ్యూలు, ఫలితాలు చూసేవాళ్లు కావాల్సిందే.

డబ్బు లెక్కల్లో ఆసక్తి ఉంటే అథ్లెట్ రిప్రజెంటేటివ్ అయ్యే ఆలోచన చేయండి. ఇప్పుడు వరల్డ్ అథ్లెటిక్స్ లైసెన్సుకు పరీక్ష పెడుతోంది. కాంట్రాక్టు చదవగల కామర్స్ లేదా లా విద్యార్థికి ఇది అందని పండేమీ కాదు. తెలుగు ఆటగాళ్లతో తెలుగులో మాట్లాడి కోత నిబంధనల్ని వివరించగల ఏజెంట్ అవసరం మనకు చాలా ఉంది. కోచింగ్ వైపైతే కెనడా జాతీయ కోచింగ్ కార్యక్రమమైన ఎన్‌సీసీపీ సర్టిఫికెట్ దశలవారీగా చేయాలి. డేటా చదివినవాళ్లకు ర్యాంకింగ్ పాయింట్లతో మీట్ల క్యాలెండర్ వేయడం మంచి ప్రాజెక్టు, ఏ స్ప్రింట్ కోచ్‌కి చూపించినా కూర్చోబెట్టి మాట్లాడతాడు.

ఏదీ తేల్చుకోలేకపోతే చలికాలంలో ఎల్ఫిన్‌స్టోన్ స్ట్రీట్‌లోని ఫీల్డ్‌హౌస్‌కి వెళ్లి మీట్‌లో వాలంటీర్‌గా చేరండి. లేన్లు చూడటం, ఫొటో ఫినిష్ కెమెరా పక్కన కూర్చుని ఫలితాలు రాయడం నేర్పిస్తారు. అంతర్జాతీయ మీట్లలో గన్ మోగాక 0.1 సెకనులోపే కాలు కదిలితే ఫాల్స్ స్టార్ట్. ఆరుబయట జరిగే 100, 200 మీటర్ల పందేల్లో వెనక నుంచి గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. ఇవి తెలిసిన మనిషిని మీట్ నిర్వాహకులు రెండోసారి తామే పిలుస్తారు. అలా పిలిచినప్పుడు రెజ్యూమేలో రాసుకోవడానికి ఒక లైను, రిఫరెన్స్ అడగడానికి ఒక ఫోన్ నంబరు దొరుకుతాయి. కెనడాలో తొలి ఉద్యోగం వెతికేవాళ్లకి ఈ రెండూ ఎంత అవసరమో రెజైనాలో ఒక్క శీతకాలం గడిపిన ఎవరినడిగినా చెబుతారు.