రోజూ అదే కథ... పిల్లలకు మంచిదేనా?



"ఎప్పుడూ అదే కథేగా!" అంటూ మీరు ‘పవర్ రేంజర్స్’ ఆపేస్తున్నారా? జపాన్‌లో 1975లో ‘గోరేంజర్’తో మొదలైన సీరియళ్ల వరుస నుంచే 1993లో అది పుట్టింది. రంగురంగుల దుస్తుల్లో జట్టు, ఒక రాక్షసుడు, చివరికి జట్టుదే గెలుపు.

మనం చదివిన ‘చందమామ’ బేతాళ కథలూ అంతే కదా! చెట్టు, శవం, విక్రమార్కుడి మౌనం ప్రతి నెలా అవే. మారేది లోపలి కథ, చివరి చిక్కుప్రశ్న. మిగతాదంతా ముందే తెలుసు కాబట్టి మన బుర్ర ఆ ప్రశ్న మీదే నిలిచేది.

మూస తప్పు కాదు. అందులో ఆలోచించడానికి ఏమీ లేకపోతేనే లోటు.

ఇలా చేయండి: ఎపిసోడ్ అయ్యాక "ఈరోజు కొత్తగా ఏం జరిగింది? నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగండి. జవాబు వస్తే చూడనివ్వండి. "కొట్టుకున్నారు" తప్ప ఇంకేమీ రాకపోతే టీవీ ఆపి, మీరే ఒక బేతాళ కథ చెప్పండి. ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పకండి!