పైపు ఏ పనికి, మోకు ఏ పనికి?

మద్దిలపాలెంలో గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీరు బద్ధకస్తులు కారు. ఏ పని ఒకసారి చేస్తే చాలు, ఏది రోజూ చేయాలి అన్నది తేల్చుకోకపోవడం వల్లే రోజంతా చేజారిపోతోంది.

అమెరికాలోని వెర్మాంట్, కెనడాలోని క్యుబెక్ రైతులు మేపుల్ చెట్ల ఊటను ఎలా పడతారో చూడండి. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉండే కొద్ది వారాలే ఆ ఊట కాలం. అది రాకముందే చెట్టు నుంచి చెట్టుకు సన్నని పైపు లాగి బిగిస్తారు. దిగువన ఉన్న తొట్టిదాకా వాలు ఎక్కడా తప్పకూడదు. మధ్యలో పైపు జారి వేలాడితే ఊట అక్కడే నిలిచి పాడవుతుంది. వాలు కుదిరితే మోటారు అక్కర్లేదు, బిందెలు మోయక్కర్లేదు. సుమారు 40 లీటర్ల ఊట కాస్తేగానీ 1 లీటరు పాకం రాదు. అంత మోత తప్పడం చిన్న సంగతి కాదు.

గది అద్దె, మెస్ బిల్లు, దరఖాస్తుల గడువులు, సర్టిఫికెట్ల జిరాక్సులు ఇలా ఒకసారి బిగిస్తే చాలే పైపు పనులు. నెల మొదట్లో ఒక గంట కూర్చుని ఆటోపే పెట్టేయండి, ఫోన్‌లో తేదీలు ఎక్కించండి, కాగితాలన్నీ ఒకే ఫైల్లో సర్దండి. తర్వాత వాటి ఊసే వద్దు.

ఇక మన తాటిచెట్టు. దీనికి పైపు వేసి పడుకుంటే కుదరదు. గీత కార్మికుడు మోకు, ముత్తాదు వేసుకుని పొద్దునా సాయంత్రమూ ఎక్కాల్సిందే. ముందు కొన్నాళ్లు గెలను నొక్కుతూ, కొన చెక్కుతూ సిద్ధం చేస్తాడు. అప్పుడు చుక్క కూడా రాలదు. ఊట మొదలయ్యాక రోజూ పల్చగా గీయాలి. మందంగా కోస్తే గెల త్వరగా అయిపోతుంది, మానేస్తే కోసినచోటు ఎండి ధార ఆగిపోతుంది. నీరా కావాలంటే కుండ లోపల ముందే సున్నం పూయాలి, లేకుంటే పులిసి కల్లవుతుంది. ఇంత నేర్పును మనం చదువుగా లెక్కవేయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

లెక్కలు, ఇంగ్లీషు మాట్లాడటం, వ్యాసం రాయడం తాటిచెట్టు పనులు. వారమంతా వదిలేసి ఆదివారం ఎనిమిది గంటలు కూర్చోవడం కంటే, రోజూ పొద్దున ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట మేలు. మొదటి పది రోజులు మార్కులు చూసుకోకండి. పండక్కి ఊరెళ్లినా బస్సులోనే నాలుగు లెక్కలు చేయండి. కూర్చునే ముందే ఫోన్ ఆపి సంచిలో పెట్టండి. అదే మీ సున్నం. అమ్మకు ఫోన్ చేయడాన్ని కూడా ఈ రోజువారీ పనుల్లోనే రాసుకోండి.