నెక్స్ట్‌క్లౌడ్ అప్‌గ్రేడ్ చేస్తున్నారా? ముందు ఈ 5 పనులు చేయండి

మాది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో తాతయ్య వాళ్ల ఇంట్లో ఫొటోలన్నీ కొట్టుకుపోయాయి. బంధువుల దగ్గర మిగిలిన పాతిక ఫొటోలు స్కాన్ చేసి, మచిలీపట్నంలో మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద నెక్స్ట్‌క్లౌడ్ పెట్టి దాచాను. వాటిలో కొన్నిటి ఒరిజినల్స్ ఇప్పుడు లేవు, చెదలు తినేశాయి.

2024 ఫిబ్రవరిలో అవీ పోయాయనుకున్నా. తప్పు నాదే. డాకర్ కంపోజ్ ఫైల్‌లో ట్యాగ్ 'లేటెస్ట్' అని వదిలేశా. చాలా నెలల తర్వాత కొత్త ఇమేజ్ దింపితే, 26 నుంచి నేరుగా 28కి వెళ్లబోయి కంటైనర్ ఆగిపోయింది. ఒక్కసారికి ఒక్క మేజర్ వెర్షనే ఎక్కాలని లాగ్‌లో ఉంది. ట్యాగ్ 27కి మార్చి, అది పూర్తయ్యాక 28 పెడితే లేచింది. ఫొటోలు క్షేమం. కానీ ఆ రాత్రి నా దగ్గర బ్యాకప్ లేదు!

అప్పట్నుంచి నేను చేసేది ఇదీ:

1. ట్యాగ్‌లో వెర్షన్ నంబర్ రాయండి. అప్‌గ్రేడ్ ఎప్పుడన్నది మీరే నిర్ణయించాలి.

2. మెయింటెనెన్స్ మోడ్ ఆన్ చేయండి. లేకపోతే బ్యాకప్ మధ్యలో ఎవరి ఫోనో ఫొటో ఎక్కిస్తుంది, ఫైళ్లకీ డేటాబేస్‌కీ పొంతన కుదరదు.

3. కాన్ఫిగ్, డేటా, థీమ్స్ ఫోల్డర్లు, వాటితో పాటు డేటాబేస్ డంప్ తీయండి. డేటా ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే షేర్లు, యూజర్ల వివరాలు రావు. నేను ఒక కాపీని గుడివాడలో పిన్ని వాళ్లింట్లో హార్డ్ డిస్క్‌లో ఉంచుతా. తుపాను వస్తే రెండు ఊళ్లలో ఒకటైనా మిగలాలి కదా.

4. ఆ బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, లాగిన్ అయి, ఒక ఫొటో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

5. ముందు ఇప్పుడున్న మేజర్ వెర్షన్‌లో చివరి అప్‌డేట్, తర్వాతే పై వెర్షన్. డేటాబేస్ మారుతుండగా కరెంట్ పోతే కష్టం, అందుకే ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండాకే మొదలుపెట్టండి.

పూర్తయ్యాక మోడ్ ఆఫ్ చేసి, అడ్మిన్ పేజీలో హెచ్చరికలు చూడండి. కొత్త వెర్షన్‌కు సరిపడని యాప్స్ డిసేబుల్ అయి ఉంటాయి.

ఏదైనా తేడా కొడితే పాత ట్యాగ్ పెట్టేసి వెనక్కి వెళ్లొచ్చనుకోకండి. నెక్స్ట్‌క్లౌడ్‌లో డౌన్‌గ్రేడ్ లేదు. పాత వెర్షన్, పాత ఫైళ్లు, పాత డేటాబేస్ మూడూ కలిపి రీస్టోర్ చేయాల్సిందే.

మొత్తం ఒక ఆదివారం పూట పని. అమ్మమ్మ పెళ్లి ఫొటో మళ్లీ స్కాన్ చేద్దామంటే మాత్రం కుదరదు.